ముందే అడిగిన ఫైలు

మా అమ్మాయి నిద్రపోవాలంటే పక్కన గాలి మిషన్ ఆడుతూ ఉండాలి. ఊపిరితిత్తుల బలం చాలదు. మిషన్ మాది కాదు. ప్రభుత్వ ఆసుపత్రి ఒక కంపెనీ దగ్గర అద్దెకు తీసుకుని మా ఇంటికిచ్చింది. ఏటా గడువులోగా మళ్ళీ మంజూరు చేయించకపోతే కంపెనీవాళ్ళు వచ్చి పట్టుకుపోతారు.

నేను చదివింది ఏడో తరగతే అయినా ఈ ఒక్క మాట గుండెలో మేకులా దిగింది. గడువు ఇంకా నాలుగు నెలలుండగానే ఆసుపత్రి ఆఫీసు ముందు బెంచీ ఎక్కాను.

"తుమ్మకముందే చిరంజీవ అంటావు నువ్వు," అని మా ఆయన ఎగతాళి.

ఆఫీసు గుమాస్తాను అందరూ కళ్ళజోడు బాబాయి అంటారు. ముక్కు మీద ఒక జోడు, నుదుటి మీద ఇంకో జోడు.

"ఇప్పట్నుంచీ ఎందుకమ్మా?" అన్నారాయన.

"ఆలోగా మీకు జ్వరమొస్తే?"

"నాకా?"

"పోనీ, ఆఫీసు తగలబడితే?"

"నీ నోట మంచి మాటే రాదా తల్లీ!"

మూడో వారానికి ఆయన ఓడిపోయారు. అయితే ఒక్కరి కోసం ఫైలు కదపకూడదట. అద్దె మిషన్ల పద్దు కింద ఉన్న పదకొండు ఇళ్ళూ ఒకే కాగితం మీద వెళ్ళాలట. గొణుక్కుంటూనే పదకొండు పేర్లూ రాసి పైకి పంపారు. సంతకాలయ్యాయి.

ఆ మరుసటి నెలే బ్యాంకులు కూలాయి. దుకాణాలు మూతపడ్డాయి. ఖజానాలో ఏమీ లేదనీ, ఇకపై ప్రభుత్వం ఏ కొత్త ఖర్చూ మంజూరు చెయ్యదనీ, పాత ఒప్పందాలు పొడిగించదనీ టీవీలో చెప్పారు. ఆ సంతకాలు కూడా కొట్టేస్తారేమో! తల కూడా దువ్వుకోకుండా ఆఫీసుకి పరుగెత్తాను.

కళ్ళజోడు బాబాయి ఉత్తర్వు చివరి వాక్యం మీద వేలు పెట్టి చదివారు. "ఈ తేదీకి ముందే మంజూరైనవి యథాతథంగా సాగుతాయి."

"అంటే?"

"అంటే ఈ ఏడాదంతా మిషన్ మీ ఇంట్లోనే ఉంటుంది."

"ఇంకోసారి చదవండి."

చదివారు. మూడోసారి నేను అడక్కముందే చదివారు.

కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. "మీ చలవ బాబాయ్. మీ మేలు ఈ జన్మలో మరిచిపోను."

"నా చలవేముంది? నా మానాన నన్నొదిలేస్తే ఆఖరి వారంలో రాసేవాణ్ణి." ఆయన గొంతు తగ్గించారు. "పక్క గదిలో చక్రాల కుర్చీల ఫైలు బల్ల మీదే ఉండిపోయింది. అక్కడి గుమాస్తా పొద్దుట్నుంచీ తలెత్తడం లేదు."

నేను లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. ఆ కుర్చీల కోసం ఎదురుచూసే తల్లులు ఎందరో!

"బాబాయ్, వచ్చే ఏడాది పద్దులకి ఎప్పుడు అడగాలి?"

ఆయన నుదుటి జోడు ముక్కు మీదికి దించి నన్ను తేరిపార చూశారు. సొరుగులోంచి తెల్లకాగితం తీశారు.

"పక్క గది ఆయన్నీ పిలవండి," అన్నాను.

బాబాయి గోడ మీద దబదబా కొట్టారు. "ఏమోయ్, కాగితం పట్టుకుని ఇటురా! ఈవిడ భయం నీకూ కాస్త అంటుకోవాలి."