పిట్ట ముట్టని విస్తరి

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు ప్రభుదాసు వరంగల్ జైలుకు సూపరింటెండెంటుగా వచ్చాడు. రావడం రావడమే ఖైదీల కాళ్ల గొలుసులు తీయించాడు. మగ్గాల కాడ లాఠీ పట్టుకుని నిలబడొద్దన్నాడు. వార్డరు కట్టయ్యకు ఇదేదీ మింగుడుపడలేదు. ఇప్పుడు ఏకంగా యావజ్జీవం పడ్డ యాకయ్యను, చచ్చిన తల్లికి మూడోనాడు పిట్టకు పెట్టి రమ్మని బేడీలు లేకుండా పంపాడు. తోడు కట్టయ్య.

"లాకప్పు వేళకు ఇద్దరూ గేటు కాడుండాలె," అన్నాడు ప్రభుదాసు. "ఆలస్యమైతే ఇసోంటి సెలవు ఇంకెవ్వరికీ ఇయ్యనియ్యరు పైవాళ్లు. దానికే కాచుక కూసున్నరు."

పాలకుర్తి దాటినాక రోడ్డు పక్క చెలకలో విస్తరి పెట్టారు. అన్నం, కోడికూర, ముసలమ్మకు ఇష్టమైన కల్లు. తుమ్మ మీద కాకులున్నాయి గాని ఒక్కటీ దిగదు. పిట్ట ముట్టందే ఇంటిల్లిపాదీ మెతుకు ముట్టరు, కొడుకు అక్కణ్నుంచి కదలడు. కట్టయ్య కాకుల వంక చూస్తాడు, రోడ్డు వంక చూస్తాడు. కాళ్లు ఒకచోట నిలవవు.

"అవ్వా, నీ మేకలను నేను సూసుకుంట, రాయే," అని బతిమాలింది యాకయ్య అక్క సోమక్క.

"మేకలు గాదే, కొడుకు మీద బెంగ," అన్నాడొక ముసలాయన. "ఓ జమేదారూ, పోరన్ని ఇడిసిపెడ్తమని జెప్పు. దెబ్బకు దిగుతది."

"నేనెవన్నయ్యా ఇడిసెటందుకు? కోర్టునా?" అన్నాడు కట్టయ్య.

"ఉత్తగనన్న అనరాదు!"

"సచ్చినామెకు అబద్ధం జెప్తే వచ్చి నన్నే పట్టుకుంటది!"

అందరూ నవ్వారు. యాకయ్య నవ్వలేదు.

దూరాన బస్సు దుమ్ము లేచింది. అది పోతే మళ్లీ రేపే. కట్టయ్య చెయ్యి అలవాటుగా నడుముకు పోయింది. బేడీలు లేవు. రెక్క పట్టి లాక్కుపోదామా అంటే తల్లి విస్తరి ముందు చెయ్యి రాలేదు.

"యాకయ్యా, జరసేపు ఆగుదామారా?" అన్నాడు. అన్నాక తానే అదిరిపడ్డాడు.

యాకయ్య విస్తరికి దండం పెట్టి లేచాడు. "పా సారూ, బస్సొచ్చింది."

"పిట్ట ముట్టలేదురా! అవ్వ ఉపాసముంటది!" సోమక్క అంగీ పట్టుకుంది.

"ఉంటదక్కా. మా బారక్‌ల కొమురెల్లి అనెటోడున్నడు. ఆని తల్లి గుడ మంచంల పడ్డది. నేనిప్పుడు పోకుంటే రేపు ఆనికెవ్వడిస్తడు సెలవు?"

అంగీ విడిపించుకుని రోడ్డు మీదికి ఉరికాడు.

బస్సులో యాకయ్య ముందుకే చూస్తూ కూర్చున్నాడు. కట్టయ్యే కిటికీలోంచి మెడ సాచి, తుమ్మ కనుమరుగయ్యేదాకా చూశాడు. ఒక్క కాకీ కదల్లేదు. ముడుతదిలేరా అని చెప్పబోయాడు. మెడ లోపలికి తీసుకుని కిటికీ రెక్క దించాడు.