లాప్‌టాప్ వెనక కుర్చీ

ముందే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత మీరు కనిపెట్టి నవ్వేకంటే అదే నయం. నేను ఇంగ్లీషులో నాలుగు చిన్న మాటలు అమ్ముకుని బతుకుతున్నాను. హీ, షీ, ఇట్, దే. అప్పు చేసి మరీ ఇంజనీరింగ్ చదివించిన మా నాన్నకి ఈ సంగతి ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు. "సాఫ్ట్‌వేరేగా?" అంటారు. "సాఫ్ట్‌వేరే" అంటాను. ఇద్దరం అక్కడితో ఆపేస్తాం.

నేను పనిచేసేది ఫోన్లో ఇంగ్లీషు నేర్పే యాప్ తయారుచేసే కంపెనీలో. అందులో సర్వనామాల పాఠాలు నావి. ఒక మనిషి పేరో, వస్తువు పేరో చెప్పాక రెండోసారి దాని బదులు వాడే మాట దానికి కుదరాలి. మగవాడైతే హీ, ఆడమనిషైతే షీ, వస్తువైతే ఇట్, పదిమందైతే దే. వినడానికి ఇంతే. మనవాళ్ళకి మాత్రం సరిగ్గా ఇక్కడే కాలు జారుతుంది. ఎందుకు జారదు? మనకి కోడలు వచ్చింది, లిఫ్ట్ వచ్చింది. రెండూ ఒకే తోక పట్టుకుని వస్తాయి, ఎవరి చెవికీ గుచ్చుకోదు. గౌరవం ఇవ్వాల్సొస్తే 'వచ్చారు' ఉందనుకోండి, కానీ ఇంట్లో కోడలికి అంత ఖర్చు ఎవరు పెడతారు? మా అత్తయ్య ఫోన్లో వాళ్ళ అక్కతో మాట్లాడుతుంటే, "అది పొద్దున్నే మొదలెడుతుంది, మధ్యాహ్నానికి ఆగుతుంది" అంటే నా గురించో వాషింగ్ మెషీన్ గురించో కాసేపు విని తేల్చుకోవాలి.

ఇక మా ఆయన. ఆస్పత్రులకి యంత్రాలు అమ్మే కంపెనీలో పని. గుండె కొట్టుకోవడం కొలిచే యంత్రాన్ని కళ్ళు మూసుకుని విప్పి, మళ్ళీ కళ్ళు మూసుకుని బిగిస్తాడు. తెలివి తక్కువేం కాదు. కానీ పరాయి దేశం వాళ్ళతో వీడియో కాల్ మొదలయ్యిందంటే అవతలి మేనేజరమ్మని హీ అంటాడు, యంత్రాన్ని షీ అంటాడు, ఒకసారి ఒక పెద్దాయన్ని పట్టుకుని ఇట్ అనేశాడు. పెళ్ళైన కొత్తలో ఒక కాల్‌కి ముందు, "కాస్త ఎదురుగా కూర్చోవే, నువ్వుంటే ధైర్యంగా ఉంటుంది" అన్నాడు. నేను మురిసిపోయాను. ఆ మురిపానికి ఇప్పటిదాకా వడ్డీ కడుతున్నాను.

ఎందుకంటే ధైర్యం కాస్తా డ్యూటీ అయ్యింది. భోజనాల బల్లకి అటువైపు, లాప్‌టాప్ వెనకాల, కెమెరాకి అందని చోట ఒక కుర్చీ. అది నాది. తను మాట్లాడుతుంటాడు, నేను సైగలు చేస్తుంటాను. చెవి పట్టుకుంటే హీ. జడ ముందుకి వేసుకుంటే షీ. బల్ల మీద వేలితో తడితే ఇట్. రెండు చేతులూ ఎత్తేస్తే దే. ఈ పద్ధతి ఇద్దరం కలిసి కనిపెట్టాం, కనిపెట్టిన రోజు పగలబడి నవ్వుకున్నాం కూడా. ఇప్పుడు కాల్ ఎప్పుడొస్తే అప్పుడు, పొయ్యి మీద ఏమున్నా కట్టేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చోవాలి. నా ఆఫీసు పని మధ్యలో ఉన్నా సరే. "నీది ఇంట్లోంచి పనేగా, కాస్త అటూ ఇటూ జరుపుకో" అంటాడు. మా అత్తయ్యకి ఇదంతా ఉచితంగా దొరికే వినోదం. సోఫాలో కూర్చుని చూస్తూ, "అమ్మాయ్, ఇందాక జడ బాగా తిప్పావు" అంటుంది.

"నా పాఠమే ఫోన్లో ఉందిగా, రోజూ కాసేపు చేసుకోవచ్చుగా" అన్నాను ఒకటికి పదిసార్లు.

"నువ్వున్నావుగా!" అంటాడు. పొగుడుతున్నాననే అనుకుంటాడు పాపం. మొహం చూస్తే తెలుస్తుంది.

ఇంట్లో ఇంగ్లీషు ఎక్కడ పుట్టినా చివరికి నా దగ్గరికే వచ్చి చేరుతుంది. మా ఆడపడుచు కాలేజీ ప్రాజెక్టు పంపించి, "వదినా, ఒక్కసారి పైపైన చూసిపెట్టవా" అంటుంది. పైపైన చూస్తే లోపల మొత్తం కూలిపోయి ఉంటుంది. మళ్ళీ కట్టివ్వాలి. కట్టిచ్చాక, "థాంక్స్ వదినా, నీకు ఇదో లెక్కా" అంటుంది. నాకిది లెక్క కాదని ఇంటిల్లిపాదికీ గట్టి నమ్మకం.

ఆఫీసులో నా పైన ఉండేవాడికి మేం పెట్టుకున్న పేరు 'మనం సార్'. "మనం ఈ వారంలో ఆ వాక్యాలన్నీ మార్చేద్దాం" అంటే నేను మార్చాలని అర్థం. పై వాళ్ళ ముందు మాత్రం ఆయన 'నేను' అంటాడు. నా చేతికొచ్చిన పాత పాఠంలో డాక్టర్లందరూ హీ, నర్సులందరూ షీ. కొడుకు బంతి తన్నుతాడు, కూతురు పళ్ళాలు కడుగుతుంది. ఒళ్ళు మండి అంతా తిరగరాశాను. మచ్చుకి ఒకటి: 'మా పిన్ని ప్లంబర్. రేపు పొద్దున వస్తానంది.' ఇంగ్లీషులో ఆ రెండో వాక్యం మొదట్లో ఏం రావాలో ఎంచుకోవాలి. పిన్ని అని పైన చెప్పి చచ్చాను కదా, అయినా చేసినవాళ్ళలో ఎక్కువమంది హీ నొక్కారు. పిన్ని కళ్ళకి కనబడలేదు, ప్లంబర్ కనబడ్డాడు. ఒకాయనైతే యాప్‌కి ఐదింటికి ఒక్క స్టార్ ఇచ్చి, 'ప్రశ్నే తప్పు' అని రాశాడు.

"మనం యూజర్ని కంగారు పెట్టకూడదు కదా" అన్నాడు మనం సార్, "పాతదే మళ్ళీ పెట్టేద్దాం."

"కంగారు పడినవాళ్ళే సార్, రెండోసారికి సరిగ్గా నొక్కుతున్నారు. పాత పాఠంలో ఎవరూ కంగారు పడలేదు, ఎవరూ ఏమీ నేర్చుకోలేదు కూడా."

నేను అంతటితో ఊరుకోకుండా పైవాళ్ళకి రాశాను. కంపెనీ పెద్దాయన ముందు నేనే పాఠం చూపించాలని తేల్చారు. నచ్చితే నా పాఠం ఉంటుంది, తర్వాతి పాఠాలన్నీ నా చేతికొస్తాయి. నచ్చకపోతే పాత డాక్టరుగారు, పాత నర్సమ్మ మళ్ళీ డ్యూటీకి వస్తారు. శుక్రవారం ఉదయం పదకొండుకి, ఇంటి నుంచే, వీడియోలో.

ఆ వారంలోనే మా ఆయనకి ఒక పెద్ద కాల్ వచ్చింది. సోమవారం. అలవాటు ప్రకారం నేను కుర్చీలో ఉన్నాను. అవతల వాళ్ళ కంపెనీ విదేశీ ఆఫీసుకి వచ్చిన కొత్త డైరెక్టరమ్మ, ఆవిడ కింద పనిచేసే ఇద్దరు మగవాళ్ళు. మా ఆయన మాటిమాటికీ ఆ డైరెక్టరమ్మ గురించి హీ, హీ అంటున్నాడు. జడ ముందుకి వేశాను. చూడలేదు. వెనక్కి వేసి మళ్ళీ ముందుకి వేశాను. చూడలేదు. జడ పట్టుకుని తాడులా ఊపాను. ఆవిడ మొహం బిగుసుకుంటోంది, ఈయన నిమ్మకు నీరెత్తినట్టు హీ అంటూనే ఉన్నాడు. ఇక తట్టుకోలేక స్టీలు గ్లాసు మీద పెన్నుతో ఠంగుమని కొట్టాను.

కాల్ మొత్తం ఆగిపోయింది. మీతో ఎవరైనా ఉన్నారా అని అడిగింది డైరెక్టరమ్మ.

"నోబడీ, మేడమ్" అన్నాడు మా ఆయన, రెప్ప కూడా వెయ్యకుండా. "ఇట్ ఈజ్ అవర్ వాషింగ్ మెషీన్. ఇట్ ఈజ్ ఓల్డ్. సమ్‌టైమ్స్ ఇట్ లూజెస్ ఇట్స్ బాలెన్స్."

ఎవరూ లేరు మేడమ్, మా వాషింగ్ మెషీన్, పాతబడింది, ఒక్కోసారి అదుపు తప్పుతుంది. అవతల ముగ్గురూ నవ్వారు. సోఫాలో మా అత్తయ్య, ఏమీ అర్థం కాకపోయినా, వాళ్ళు నవ్వారని తనూ నవ్వింది. నేను కుర్చీలో పెన్ను పట్టుకుని అలాగే ఉన్నాను. ఏమనిపించిందో చెప్తే మీరు నమ్మరు. మొట్టమొదట అనిపించింది, అన్నీ సరిగ్గా చెప్పాడే అని. ఇట్, ఇట్, ఇట్స్. ఒక్క సైగ లేకుండా ఒక్క తప్పు లేదు. నా విద్యార్థి పాసయ్యాడు. ఏడుపు ఆ తర్వాత వచ్చింది, అదీ వంటింట్లో, గిన్నెల మీద నీళ్ళు గట్టిగా వదిలి. నేనున్నానని చెప్పలేడు, అర్థం చేసుకోగలను. సైగలతో నడుస్తున్న ఇంగ్లీషని ఏ మగాడు ఒప్పుకుంటాడు? కానీ అబద్ధమాడాల్సొచ్చినప్పుడు ఎంత దగ్గర్లో దొరికిందో చూడండి వాషింగ్ మెషీన్. వెతుక్కోలేదు కూడా.

"సమయానికి భలే చెప్పాను కదా!" అంటూ వచ్చాడు వెనకాలే. "అది సరే, వాళ్ళ దగ్గర మేనేజర్ పోస్టుకి నన్ను ఇంటర్వ్యూ చేస్తారట. శుక్రవారం పదకొండుకి."

"శుక్రవారం పదకొండుకి నాకు డెమో ఉంది. చెప్పానుగా."

"చెప్పావా? సరే, నీది సోమవారానికి జరిపించుకో. మీవాళ్ళు మంచివాళ్ళేగా."

"నీది జరిపించుకో. మీవాళ్ళు కూడా మంచివాళ్ళేగా, జోకులకి నవ్వుతారు."

"ఏంటే ఆ మాటలు? ఇది ఉద్యోగం. ప్రమోషన్. మనిద్దరికోసమేగా?"

"మరి నాదేంటి, కాలక్షేపమా?"

"నాలుగు మాటలే కదా నువ్వు చూపించేది" అన్నాడు. అన్నాక తనకే ఏదోలా అనిపించినట్టుంది, గ్లాసుతో నీళ్ళు పట్టుకుని తాగకుండా నిలబడ్డాడు.

"ఆ నాలుగు మాటలు నీకొస్తే నేను ఆ కుర్చీలో ఎందుకు కూర్చుంటాను?" అన్నాను.

మూడు రోజులు ఇంట్లో ఉలుకూ పలుకూ లేదు. మా అత్తయ్య మధ్యవర్తిత్వానికి దిగింది. "అమ్మాయ్, వాడికి నువ్వెదురుగా లేకపోతే నోరు పెగలదు. కాసేపు కూర్చుంటే నీ సొమ్మేం పోయింది?" అంది. పోయేదేంటో చెప్పడానికి మొదలుపెట్టాను. ప్లంబర్ పిన్ని దాకా వచ్చేసరికి ఆవిడ మధ్యలో ఆపి, "ఆడది ప్లంబరేంటే?" అంది. తర్వాత ఒక క్షణం ఆలోచించి, "మా నాన్న పోయాక మా ఇంట్లో నీళ్ళ మోటారు నేనే విప్పేదాన్నిలే" అంది, తనలో తను అనుకున్నట్టు.

శుక్రవారం పొద్దున నా పాఠం మా ఆయన ఫోన్లో పెట్టి, తెరిచి, ఫోను తన చేతికిచ్చాను. "ఇంకా టైముంది. చేసుకో" అన్నాను. వాషింగ్ మెషీన్లో బట్టలు వేసి మీట నొక్కాను. నా లాప్‌టాప్ తీసుకుని పడగ్గదిలోకెళ్ళి తలుపేసుకున్నాను. గడియ పెట్టాను. పగటిపూట ఆ గడియ నేను పెట్టడం అదే మొదటిసారి.

మనం సార్ మొదలెట్టాడు, "మనం ఈ పాఠంలో..." అని. "ఈ పాఠం నేను రాశాను" అన్నాను. గొంతు కాస్త పెద్దగానే వచ్చినట్టుంది. పెద్దాయన్ని తన ఫోన్లోనే ఒక ప్రశ్న చెయ్యమన్నాను. ఆయన చదువుకుని, ధీమాగా నొక్కి, కనుబొమలు పైకెత్తాడు. హీ నొక్కాడు. "పైన పిన్ని అని ఉంది సార్" అన్నాను. ఆయన మళ్ళీ చదివి, ఫోను దగ్గరికి తీసుకుని ఇంకోసారి చదివి, "ఉంది, కళ్ళ ముందే ఉంది" అన్నాడు. ఇక నేను పెద్దగా చెప్పాల్సింది ఏం మిగల్లేదు. పాఠం ఉంటుంది. మిగతా పాఠాలు కూడా నాకే.

తలుపు తీసేసరికి బయట రంగం వేరుగా ఉంది. లాప్‌టాప్ మూసి ఉంది. నా కుర్చీలో మా అత్తయ్య. ఎదురుగా జుట్టు పీక్కుంటూ మా ఆయన.

"నువ్వు రాలేదని నేను కూర్చున్నానే" అంది అత్తయ్య. "చేతులు ఊపడమేగా, నాకు రాదా?"

"అమ్మ చెవి పట్టుకుంది, నేను హీ అన్నాను" అన్నాడు మా ఆయన. "డైరెక్టరమ్మ ముందే, డైరెక్టరమ్మ గురించి!"

"నేను కమ్మ సరిచేసుకున్నానురా!"

"నీ కమ్మ వల్ల ఆవిడ మగాడైపోయిందమ్మా!"

ఆ డైరెక్టరమ్మ తన పేరు చెప్పి, పేరుతోనే పిలవమందట. అక్కణ్ణుంచి ఈయన ఎందుకొచ్చిన గొడవని అందర్నీ ప్రతి వాక్యంలోనూ పేరు పెట్టే పిలిచాడట. ఇంటర్వ్యూ చక్కగా సాగిపోయిందట. కబురు చేస్తామన్నారట. అంటే ఇన్నాళ్ళూ జడ తిప్పకుండానే గడిచిపోయేదన్నమాట! అది విని నవ్వాలో, ఆ లాప్‌టాప్ ఎత్తి ఎక్కడైనా వెయ్యాలో తెలియలేదు.

"నువ్వుంటే ఇంకా బాగుండేది" అన్నాడు, కాస్త నిష్ఠూరంగా. "నాతో ఎవరున్నారని మళ్ళీ అడిగారు తెలుసా? ఎవరూ లేరన్నాను."

"పోయినసారి అదే అబద్ధం. ఈసారి నా మటుకు నిజం చేసిపెట్టాను" అన్నాను.

అప్పుడే వరండాలో వాషింగ్ మెషీన్ కీచుమని అరిచింది. అలవాటుగా మా ఆయన నా వైపు చూశాడు. నేను కుర్చీ లాక్కుని, బల్లకి ఇటువైపు, కెమెరాకి కనబడే చోట కూర్చుని, నా లాప్‌టాప్ తెరిచాను.

"ఆ అరుస్తున్నది నేను కాదు. వెళ్ళి బట్టలు ఆరేసిరా" అన్నాను.

వెళ్ళాడు. మొహం మాడ్చుకునే వెళ్ళాడు, కానీ వెళ్ళాడు. మా అత్తయ్య వెనకనుంచి, "దులిపి ఆరెయ్‌రా, ముడతలు పడతాయి" అని కేకేసింది.

ఇదీ నా సంగతి. మీ ఇంట్లో కూడా లాప్‌టాప్ వెనక ఒక కుర్చీ ఉండే ఉంటుంది. అందులో మీరు కూర్చుని ఉండగానే ఎవరూ లేరని ఎవరు చెప్పారో, ఏ ఫ్రిజ్జనో ఫ్యాననో చెప్పి మిమ్మల్ని దాచారో, మీరెప్పుడు లేచారో, ఇంకా లేవకపోతే ఎందుకు లేవలేదో కింద కామెంట్లలో రాయండి. తప్పులున్నా ఏం పర్లేదు. నేను దిద్దను.