మొదటి చుక్క

చెయిన్ ఆయిలర్ పెట్టించుకోవచ్చా అని బండి ఉన్న ప్రతివాడూ నన్నే అడుగుతాడు. గూడెం కొత్తవీధి మండలంలో మా చుట్టుపక్కల దాన్ని ముందు కొన్నది నేనే మరి. కొండ ఊళ్లకి పార్సిళ్లు మోసే ఉద్యోగం నాది. వానాకాలం బురదలో తిరిగితే సాయంత్రానికి చెయిన్ కీచుమంటుంది. రోజూ చేత్తో ఆయిల్ వేసే ఓపిక లేక ఆన్‌లైన్‌లో తెప్పించాను. సీటు కింద చిన్న సీసా, దాన్నుంచి వెనక పళ్లచక్రం దాకా సన్నటి ట్యూబు. ఇంజన్ నడుస్తున్నంతసేపూ చుక్క చుక్కగా పడుతుంది. మనం ఆగక్కర్లేదు.

ఆ ఆగక్కర్లేకపోవడమే మా మామ సుక్రుకి నచ్చలేదు.

మా ఊరి నుంచి పాడేరు వెళ్లే దారిలో రాయి మలుపు అని ఒకటుంది. దిగుడు మొదలయ్యేది అక్కడే. మావాళ్లెవరైనా అక్కడ స్టాండు వేసి, చెయిన్‌కి ఆయిల్ పెట్టుకునే దిగుతారు. మొదటి చుక్క మాత్రం పక్కనున్న కొండదేవత రాయికి. నేను ఆగడం మానేశానని తెలిసి మామ ఇంటికొచ్చాడు.

“నానేటి మానలేదు. ఆ మలుపులో కూడా మిసను సుక్క రాలుత్తానే ఉంటాది,” అన్నాను.

“గొలుసు తాగినాక రాలింది ఎంగిలి అల్లుడా. అమ్మకి ఎంగిలి పెడతావేటి?”

నాకు నవ్వొచ్చింది. ఆ మాట పాడేరులో కూడా చెప్పి నలుగురినీ నవ్వించాను.

ఆ తర్వాతే సీసా ఖాళీ అవడం మొదలైంది. ఇంటి దగ్గర నిండా పోస్తాను, మలుపు దాటి చూస్తే పొడిగా ఉంటుంది. ట్యూబు మార్చాను, సీసా మార్చాను. కారితే టైరు మీదో రోడ్డు మీదో కనపడాలి కదా, ఎక్కడా మరక లేదు. కంపెనీవాడిని నోటికొచ్చినట్టు తిట్టి మళ్లీ నింపుకున్నాను. భయం వేసింది. దాన్ని ఒప్పుకోలేక కోపం తెచ్చుకున్నాను.

అప్పటికి నా భార్య రమణికి నెలలు నిండుతున్నాయి. మా మొదటి బిడ్డ, ఆసుపత్రికి వెళ్లే జీపు కోసం ఎదురుచూస్తుండగానే కడుపులో పోయింది. అందుకే ఈసారి జీపుని నమ్మలేదు. నొప్పులు రాకముందే పాడేరు ఆసుపత్రి దగ్గర గర్భిణుల హాస్టల్లో చేర్చాలని, నా బండి మీదే బయల్దేరదీశాను.

పొద్దున్నే మంచు దట్టంగా ఉంది. హెడ్‌లైటు వేసినా దారి ఆనడం లేదు. మలుపు దగ్గరికి రాగానే రమణి నా భుజం తట్టింది.

“ఆపు బావా. ఒక్క సుక్క ఏసి ఎల్దుం.”

“మిసనే ఏత్తాది. నువ్వు గట్టిగా పట్టుకో.”

ఆపలేదు. రెండు చేతులు నా నడుం చుట్టూ బిగుసుకున్నాయి. దిగుతూ పలకరిస్తే పలకలేదు, అలిగిందనుకున్నాను. చెయిన్ చప్పుడు బొత్తిగా లేదు. నా ఊపిరి నాకే వినిపిస్తోంది. వెనక నుంచి ఊపిరి వినపడటం లేదని మాత్రం తోచలేదు.

కింద కాఫీతోటల దగ్గర రత్నాలమ్మ టీ బడ్డీ ముందు ఆగాను. ముందురోజే ఆమెకి చెప్పాను, రమణిని తీసుకొస్తున్నానని.

“ఒక్కడివే వచ్చినావేటి ఫల్గుణా? రమణేదీ?”

ఆమె అడుగుతున్నప్పుడు కూడా ఆ చేతుల పట్టు నా నడుం మీదే ఉంది. తల దించి చూశాను. చొక్కా నొక్కుకుపోయి ఉంది. చేతులు లేవు.

బండి తిప్పాను. పట్టు సడల్లేదు. రమణీ, రమణీ అని అరుస్తూనే ఘాట్ ఎక్కాను. తనకీ కడుపులో బిడ్డకీ ఏమైనా అయితే నేనూ ఆ లోయలోకే పోదామనుకున్నాను. రాయి దగ్గరికి రాగానే పట్టు వదిలింది. బండి తేలికైంది.

రమణి పొట్ట మీద చెయ్యి వేసుకుని రాయి పక్కన కూర్చుని ఉంది. నన్ను చూడగానే మండిపడింది.

“నువ్వే గదా బండాపి దిగమన్నావు? నువ్వు కూకో, నాను సుక్క ఏత్తాను అన్నావు. తిరిగి సూత్తే నువ్వూ లేవు, బండీ లేదు. ఏటి సేత్తన్నావు బావా?”

నేనసలు బండి ఆపనే లేదు. తనని పట్టుకుని భోరున ఏడ్చాను. రాయి పైనుంచి కిందిదాకా ఆయిల్‌తో మెరుస్తోంది. నా సీసా పొడిగా ఉంది.

టూల్ బాక్సులోంచి పాత ఆయిల్ డబ్బా తీశాను. ముందు రాయికి, తర్వాతే చెయిన్‌కి.

పాడేరులో ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. ఆయిలర్ మాత్రం ఊడదీశాను. అడిగినవాళ్లకి ఉన్నమాటే చెబుతాను. మంచి వస్తువే, చెయిన్ ఎక్కువ కాలం వస్తుంది, మైదానంలో ఉండేవాళ్లు నిక్షేపంగా పెట్టించుకోవచ్చు. మేం ఆగాల్సినవాళ్లం.

ఇప్పుడు మలుపులో ఆగుతాను, చుక్క వేస్తాను. రమణి పాపతో ఎక్కి నా నడుం పట్టుకుంటుంది. అయినా కదలను. ఏదైనా మాట్లాడమంటాను. తన గొంతు వినపడ్డాకే గేరు వేస్తాను.