బస్సు డిపోలో గామెలాన్

రోడ్డు వెడల్పు చేయడానికి వాడ మొత్తం తీసేశాక, అక్కడివాళ్లకు సోలో నగరం ఉత్తరపు అంచున అయిదంతస్తుల భవనంలో ఇళ్లిచ్చారు. మనుషులు ఎలాగో ఇమిడారు. ఇమడనిది వాళ్ల గామెలాన్ వాద్యమేళమే. నాలుగు వైపులా గాలాడే చావడిలో మోగడానికి పుట్టిన తాతల నాటి కంచు వాద్యాలు, కింది అంతస్తులో ఒక్క కిటికీ ఉన్న మీటింగు గదిలో ఇరుక్కుని కూర్చున్నాయి.

వాటికి పెద్దదిక్కు సుకార్సిహ్. బాతిక్ బట్ట మీద మైనంతో పువ్వులు గీయడం ఆమె బతుకుతెరువు, మెత్తగా పలికే గెండేర్ వాయించడం ఆమె ప్రాణం. కొత్త గదిలో సాధన మొదలుపెట్టిన వారానికే తలుపు తట్టి రెత్నో లోపలికొచ్చింది. సిటీ బస్సు నడిపే పిల్ల. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“పెద్దమ్మా, ఏమనుకోకండి. తెల్లారకముందే నేను బస్సు తీయాలి. సాయంత్రం పడుకోకపోతే స్టీరింగు మీదే కునుకొస్తోంది. నా గది సరిగ్గా మీ నెత్తిమీదే.”

“చెవుల్లో దూది పెట్టుకోమ్మా,” అంది తుమిని. బృందంలో గట్టిగా మోగే సారొన్ ఆమెదే. నోరూ అంతే.

“పెట్టుకున్నానక్కా. మంచమే మోగుతోంది.”

తుమిని తలెత్తి పైకప్పు వైపు చూసింది.

మర్నాటి నుంచి వాద్యాలను కొట్టే సుత్తులకు గుడ్డలు చుట్టారు. రాగం ఆవృత్తి ముగిసినప్పుడల్లా పలకాల్సిన పెద్ద జేగంటను పిడికిలితో తట్టి ఊరుకున్నారు. నాలుగు రోజులు ఓపిక పట్టి తుమిని సుత్తి కింద పెట్టేసింది. “దుప్పట్లో దూరి పోట్లాడుకున్నట్టుంది. నా వల్ల కాదక్కా,” అని వెళ్లిపోయింది. ఆమె వెనకే మరో ఇద్దరు మానేశారు.

గురువారం సాయంత్రం సుకార్సిహ్ ఆనవాయితీగా జేగంట ముందు పూలు పెడుతుంటే, డోలు వాయించే గియాంతో మెల్లగా అన్నాడు. “ఏదైనా మ్యూజియానికిచ్చేస్తే పోలా?”

ఆమె పూలను అటూ ఇటూ సర్దింది. ఆ ఆలోచన తనకూ వచ్చిందని చెప్పడానికి ఆమెకు మనసొప్పలేదు.

తుమినికి బస్టాపు పక్కన సోయా గింజలతో చేసే టెంపే వేపుళ్ల బండి ఉంది. డ్యూటీ దిగిన రెత్నో ఓరోజు అక్కడ ఆగింది.

“నిద్ర బాగా పడుతోందా తల్లీ?”

“పడుతోందక్కా.”

“పట్టాలి మరి. నీ నిద్ర కోసం జేగంట నోరు నొక్కాం. ఇప్పుడు ముసలాడి దగ్గులా ఉంది దాని గొంతు.”

“నేను మానేయమనలేదే.”

“నువ్వనలేదు. నీ తప్పూ లేదు. అదే నా ఏడుపు. తిడదామంటే ఎవరూ దొరకట్లేదు.”

రెత్నో కొన్న వేపుళ్ల పొట్లం విప్పకుండానే ఇంటికెళ్లింది. ఆ సాయంత్రం కింద అంతా నిశ్శబ్దమే అయినా ఆమెకు నిద్ర పట్టలేదు. సాయంత్రాలు బస్సులన్నీ రోడ్ల మీద ఉంటాయి. డిపో షెడ్డు ఖాళీ. ఎత్తైన రేకుల కప్పు, చుట్టూ గోడలు లేవు, దగ్గర్లో ఇళ్లు లేవు. ఈ సంగతి ఇంతకుముందే ఎందుకు తట్టలేదా అనుకుంది. పొద్దున్నే సూపర్‌వైజరును అడిగింది. శనివారం ఒక్కసారి చూద్దామన్నాడు ఆయన, బస్సులు తిరిగొచ్చేసరికి ఖాళీ చేయాలన్న షరతు మీద.

“బస్సుల షెడ్డులోనా? నూనె మరకల మీదా?” అంది సుకార్సిహ్.

“కడిగిస్తాను పెద్దమ్మా.”

“వాద్యాల దగ్గరికి చెప్పులతో రాకూడదు. వాటి మీంచి దాటకూడదు. మీ డ్రైవర్లు వింటారా?”

“చెప్తే వింటారు. నా మాట మీరు విన్నారుగా.”

సుకార్సిహ్ ముఖంలో చాలా రోజుల తర్వాత నవ్వు కదిలింది. “అయితే తుమినిని నువ్వే పిలు. నిన్ను తిట్టడం మొదలెట్టిందంటే సగం ఒప్పుకున్నట్టే.”

శనివారం వాద్యాలు లారీలో వెళ్లాయి. తుమిని వచ్చింది, ముఖం ముడుచుకునే. గుడ్డలు విప్పిన సుత్తితో మొదటి దెబ్బ వేయగానే రేకుల మీది పావురాలు లేచిపోయాయి. తర్వాత మోగిన జేగంట శబ్దం సిమెంటు నేల మీదుగా పాకి, అరికాళ్లలోకి ఎక్కి, నెమ్మదిగా బయటి గాలిలో కలిసింది. పాత చావడిలో కూడా ఇలా మోగలేదనిపించింది సుకార్సిహ్‌కు. కంటతడి తుడుచుకుందామంటే రెండు చేతులూ గెండేర్ మీదే ఉన్నాయి.

వాళ్లు వేళ మర్చిపోయారు. గేటు దగ్గరికి మొదటి బస్సు వచ్చినప్పుడు పాట ఇంకా నడుస్తోంది. రెత్నో చెయ్యెత్తి ఆపింది.

“ఎంతసేపు?” అన్నాడు డ్రైవరు.

“ఆఖరి జేగంట పడాలి అన్నా.”

అతను ఇంజను ఆపాడు. వెనక వచ్చినవాళ్లూ ఆపారు. బస్సుల వరుస చూసి సుకార్సిహ్ ముగించమని గియాంతోకు కళ్లతో సైగ చేసింది. అతను చూడనట్టే తల తిప్పుకుని, లయను ఇంకాస్త నిదానం చేశాడు. పాట తన దారిన తాను నడిచి, తీరిగ్గా ముగిసింది.

సూపర్‌వైజరు గడియారం చూసుకుంటూ వచ్చాడు.

“ప్రతి శనివారం లారీ ఎక్కించి దించుతారా వీటిని? ఆ మూల టైర్ల గది సగం ఖాళీగానే ఉంది, చూసుకోండి.”

తుమిని అప్పటికే అటు నడిచింది. తలుపు తీసి, ముక్కు మూసుకుని వెనక్కి తిరిగింది.

“రబ్బరు కంపు కొడుతోంది. రేపే వచ్చి కడగాలి. రెత్నో, రేపు నీకు సెలవేగా?”