అద్దెలేని సర్టిఫికెట్

చంద్రగిరికి కాపురానికి వచ్చేనాటికి నా చేతిలో ఉన్న సరుకు రెండే: ఇంటర్‌లో సైన్సు మార్కులు, నోరు మెదపని అలవాటు. రెండింటికీ విలువ కట్టింది మా మామ మునిరామయ్య. వాళ్లకున్న మందుల షాపు నడపాలంటే ఫార్మసీ చదివిన మనిషి పేరు గోడమీద ఉండాలి. అప్పటిదాకా ఎవరో తిరుపతి ఆయన సర్టిఫికెట్‌ను అద్దెకు తెచ్చి వేలాడదీసేవాళ్లు. పేరు ఒకరిది, చెయ్యి ఒకరిది.

"కోడల్ని సదివిస్తే అద్దె మిగుల్తాది గదరా దామోదరం," అన్నాడు మామ.

మా ఆయన తల గోక్కుని, "మరి వంటో?" అన్నాడు.

"వంట చేసే పోతాది," అంది అత్త. నన్నెవరూ అడగలేదు.

అలా తిరుపతిలో యూనివర్సిటీ మెట్లెక్కాను. సంకటి కెలికి, చారు పెట్టి, బస్సు పట్టుకునేదాన్ని. వేళ్లకంటిన చింతపండు వాసనతోనే ఫార్మకాలజీ నోట్సు రాసుకున్నాను. ఆ సబ్జెక్టు నేను ఊహించని లాభం. మందు ఒంట్లో గుడ్డిగా తిరగదు. తాళానికి తాళంచెవిలా తనకు సరిపడే చోట అతుక్కుంటుంది. అలాంటి తాళాలు గుండెలోనూ ఉంటాయి, ఊపిరితిత్తుల్లోనూ ఉంటాయి. గుండె కోసం మింగింది ఊపిరిని మూసేయవచ్చు. కొన్ని మందులను నోటితో మింగితే, ఒళ్లంతా చేరకముందే చాలా భాగాన్ని కాలేయం అరగదీస్తుందని లెక్చరర్ చెప్పిన రోజు నాకు నవ్వొచ్చింది. నా మాటలూ అంతే. అత్తనూ మామనూ దాటి మా ఆయనను చేరేసరికి వాటిలో సత్తువ మిగిలేది కాదు.

పాసయ్యాను. సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి, కుంకుమబొట్టు పెట్టి షాపు గోడకెక్కించారు. నన్ను షాపు వెనకున్న వంటింట్లోకి పంపారు. తనిఖీకి ఆఫీసరు వస్తున్నాడని ముందే కబురందేది. ఆ పూట మాత్రం నాకు ఇస్త్రీ చీర, కౌంటరు దగ్గర కుర్చీ. జీపు కదలగానే, "ఇంగ లెయ్, పొయ్యి మీద పాలుండాయి," అనేవాడు మా ఆయన.

మిరపకాయల మండీలో పనిచేసే తాయమ్మకు ఉబ్బసం. ఒక పొద్దున వచ్చి, "గుండె దడదడ కొట్టుకుంటాండాది నాయనా," అంది. ఆ దడ ఆమె ఉబ్బసానికి వేసుకునే మాత్ర తెచ్చిందే. వంటింటి తెర వెనక నాకు తెలుస్తూనే ఉంది. మా ఆయన, "దీనికి మంచి మందుండాది," అంటూ గుండె వేగం తగ్గించే ప్రొప్రనలాల్ మాత్రల పట్టీ కత్తిరించాడు.

తెర తీశాను. "అది ఆమెకియ్యద్దు. ఊపిరాడకుండా పోతాది."

షాపులో జనం ఉన్నారు. మా ఆయన నవ్వాడు. "మా ఇంటి డాక్టరమ్మ చెప్తాండాది, ఇనండప్పా! పో, చారు పొంగుతాది సూడు."

అందరూ నవ్వారు. తాయమ్మ కూడా నవ్వి, మాత్రలు కొంగున కట్టుకుని వెళ్లిపోయింది.

గరిటె చేతిలో ఉండగానే రోడ్డుమీదికి పరుగెత్తాను. టీ అంగట్లో నీళ్ల గ్లాసు ఎత్తబోతుంటే ఆమె చేతిలోంచి మాత్రలు లాక్కున్నాను.

"ఏందమ్మా నీ దౌర్జన్యం! మీ మొగుడూ పెండ్లాల కొట్లాట ఇంట్లో పెట్టుకోండి!"

"తిట్టు తాయమ్మా. తిట్టేదానికైనా ఊపిరుండాల గదా."

సాయంత్రం మామ నన్ను పిలిచాడు. "నిన్ను సదివించింది గోడమీద పేరుకమ్మా, నోటికి కాదు. బజార్లో మొగుణ్ణి తక్కువ చేస్తావా?"

వ్యాపారం ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను. సరుకు ఎవరి చేతిలో ఉంటే బేరం వాళ్లది. మరునాడు షాపు తీయకముందే ఫ్రేము దింపి, వంటింట్లో పోపుడబ్బాల పైన మేకుకు తగిలించాను.

"పేరు నా ఎంబడే ఉంటాది మామా. నేను ఈడుంటే అదీ ఈడే. కౌంటర్లో కూర్చుంటే ఆడికొస్తాది."

మా ఆయన చెయ్యెత్తాడు. మామ ఆ చెయ్యి పట్టుకున్నాడు. నామీద జాలితో కాదు, బయట జనం తలుపు తడుతున్నారు. "కుర్చీ ఎయ్‌రా," అన్నాడు.

ఇక లెక్క. కుర్చీ వచ్చింది. పొయ్యి పోలేదు, సంకటి కెలికాకే కూర్చుంటున్నాను. "సారు లేడా?" అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. తాయమ్మ కూడా ఆయన్నే అడుగుతుంది, మాత్ర మాత్రం నా చేత్తో ఇస్తేనే తీసుకుంటుంది. మా ఆయన ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేశాడు. దాన్ని నష్టం కింద రాసుకోమన్నారు చుట్టాలు. అంతకుముందు ఆయన నాతో మాట్లాడినవన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుని, దాన్ని లాభంలో రాసుకున్నాను.