దిండు లేని సీటు

దర్జీ ప్యాంటు అంచు మడిచి, సూదిలో దారం ఎక్కించుకున్నాడు. ఇన్సూరెన్సు సర్వేయరు మధ్యాహ్నం కార్ల షెడ్డుకు వస్తానన్నాడు. ఈలోగా ఈ ప్యాంటు పొట్టి చెయ్యాలి. ఆ పనిలో అతనికి చిన్నప్పటి నుంచీ అనుభవముంది. తన ప్యాంట్లన్నీ తనే పొట్టి చేసుకున్నాడు.

మిషను ముందు కూర్చుంటే అతని ఎత్తు ఎవరికీ తెలియదు. కారు కొన్నాకే తిప్పలొచ్చాయి. స్టీరింగు మీదుగా రోడ్డు కనబడక, మిగిలిపోయిన కోటు గుడ్డలతో మందంగా ఒక దిండు కుట్టుకున్నాడు, మూలలకు బొత్తాలతో. దాని మీద కూర్చుంటే ఎదురొచ్చేవాళ్ళతో సమానంగా ఉండేవాడు. సాయంత్రాలు భార్యను ఎక్కించుకుని వంతెన దాకా వెళ్ళొచ్చేవాడు. రోజు మొత్తంలో అతనికి సంతోషంగా ఉండేది ఆ కాసేపే.

ఎవరైనా కారడిగితే లేదనడం చేతకాదు. ఇన్సూరెన్సు కారుకు కదా, నడిపేది ఎవరైతేనేం అనుకునేవాడు. పోయిన వారం బావమరిది అడిగాడు. ఆరడుగుల మనిషి.

"ఇది నాకెందుకు బావా, తల పైకప్పుకు తగులుతుంది," అంటూ దిండు తీసి మిషను పక్కన పడేసి వెళ్ళాడు. మలుపులో ప్రహరీగోడను గుద్దాడు. అతని ఒంటి మీద గీత కూడా పడలేదు కానీ కారు ముందు భాగం నుజ్జయింది. అతని లైసెన్సు గడువు ఎప్పుడో తీరిపోయిందని అప్పుడు బయటపడింది. ముందే అడగొచ్చు కదా అనొచ్చు. బావమరిదిని లైసెన్సు చూపించమంటే ఆ పూట ఇంట్లో పొయ్యి వెలుగుతుందా?

"మీరే నడిపానని చెప్పండి, ఒక్క మాటేగా," అంది భార్య. "తమ్ముడు తలెత్తుకోలేకపోతున్నాడు."

షెడ్డులో సర్వేయరు నిదానంగా కారు చుట్టూ తిరిగి ఫొటోలు తీశాడు.

"నడిపిందెవరండీ?"

"నేనేనండి."

"ఓసారి కూర్చుని చూపించండి."

కూర్చున్నాడు. దెబ్బకు కింది పట్టాలు వంగి, సీటు బావమరిది వెనక్కి జరిపినచోటే బిగుసుకుపోయింది. కాళ్ళు గాల్లో ఉన్నాయి. ఎదురుగా స్టీరింగు తప్ప ఏమీ కనబడలేదు. మెకానిక్ అటు తిరిగి నవ్వు ఆపుకున్నాడు. సర్వేయరు నవ్వలేదు.

"కాళ్ళు అందుతున్నాయా?"

కొలతల దగ్గర దర్జీకి అబద్ధం రాదు.

"అందవండి. మా బావమరిది నడిపాడు. లైసెన్సు గడువు అయిపోయిందండి."

"ఇన్సూరెన్సు కారుకేనండీ. కానీ నడిపేవాళ్ళకి లైసెన్సు లేకపోతే ఏమీ రాదు," అన్నాడు సర్వేయరు మెల్లగా.

సొంతంగా బాగుచేయించే స్తోమత దర్జీకి లేదు. తుక్కు కొనేవాడు పొద్దుటి నుంచీ షెడ్డులోనే కాచుకుని ఉన్నాడు.

కొట్టు దగ్గర భార్య ఎదురుచూస్తోంది.

"చెప్పారా?"

"సీట్లో కూర్చోమన్నాడు."

ఆమెకు అర్థమైంది. "దిండు పట్టుకెళ్ళాల్సింది," అంది.

సాయంత్రం కారును ఎక్కించుకుని తుక్కువాడి లారీ, కొట్టు ముందు నుంచే వెళ్ళింది. దర్జీకి ఏడుపొచ్చింది. బొత్తాం కుడుతున్నట్టు తల దించుకున్నాడు.

కారు బాగై వస్తుందని ఈ వారమంతా దిండును రోజూ దులిపి గుమ్మం పక్కన స్టూలు మీద సిద్ధంగా పెట్టాడు. ఇవాళా అలవాటు కొద్దీ దులిపి, అక్కడే పెట్టి, తలుపు మూశాడు.

దిండు మధ్యలో అతను కూర్చున్న మేర అణిగి ఉంది. ఒక మూల బొత్తాం ఊడి, దారం వేలాడుతోంది.