అత్తగారు విన్న గుడ్డు

పొద్దున్నే అందరూ పేపరు చదువుతారు. టైలరమ్మ ఇంట్లో అత్తగారు గుడ్లు వింటారు.

గూట్లోంచి తెచ్చిన గుడ్డుని చెవికి ఆనిస్తే, అది కడుపులో పడ్డప్పట్నుంచి బయటపడేదాకా కోడి దగ్గర ఎవరేం మాట్లాడారో అంతా వినిపిస్తుంది. ఉడికితే మాట పోతుంది. అందుకని పచ్చిగా ఉన్నప్పుడే వినాలి. అత్తగారికి మనుషుల మాట సరిగ్గా అందదు కానీ గుడ్ల మాట అక్షరం పొల్లుపోదు.

వీధికి ఇదేం కొత్త కాదు. నిచ్చెన నేను తీసుకోలేదు పొమ్మని పక్కింటి మేస్త్రీ దబాయిస్తే, అత్తగారు ఓ గుడ్డు తెచ్చి అతని చెవి దగ్గర పెట్టారు. సాయంత్రానికల్లా నిచ్చెన టైలరమ్మ వాళ్ళ గోడకి చేరింది. టైలరమ్మ కూతురు స్నేహితురాళ్ళతో ఫోను మాట్లాడాలంటే మేడెక్కుతుంది. గుడ్లు పెట్టే కోడి ముందు ఎవరూ నోరు జారరు.

టైలరమ్మకి ఆ జాగ్రత్త అక్కర్లేదు. ఆమె మాట్లాడేదే తక్కువ. ఇరవై ఏళ్ళుగా పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని పనిచేసిన మనిషి. సూదులు లేనప్పుడు కూడా పెదాలు అలాగే ఉంటాయి.

పెరట్లో ఉన్న ఏడు కోళ్ళలో పెద్దది దొరసాని. గుడ్లు మానేసి నాలుగు నెలలైంది. అయినా గింజలకి ముందు అదే రావాలి, మిగతావి దారివ్వాలి. అలాంటిది మంగళవారం రాలేదు. ఈకలు ఉబ్బించుకుని, తోక దించేసి, కళ్ళు సగం మూసుకుని నీళ్ళ తొట్టి పక్కన నిలబడిపోయింది. నిన్నటిదాకా దానికి భయపడ్డ పెట్టలు వచ్చి పొడుస్తుంటే పక్కకి కూడా జరగలేదు.

టైలరమ్మ దాణా కొట్టాయనకి ఫోను చేసింది.

"ముందు దాన్ని విడిగా పెట్టమ్మా, రోగమైతే అన్నిటికీ అంటుకుంటుంది. గోరువెచ్చటి నీళ్ళలో పావుగంట కూర్చోబెట్టు. మూడ్రోజుల్లో తేరుకోకపోతే పశువుల డాక్టరుకి చూపించు" అన్నాడతను.

పెరటి చివర పాత గంప కింద గడ్డి పరిచి దొరసానికి వేరు కాపురం పెట్టారు. బట్టలుతికే టబ్బులో నీళ్ళు పోసి, టైలరమ్మ మోచేత్తో వేడి చూసి, దాన్ని అందులో కూర్చోబెట్టింది.

"వయసే దాని జబ్బు" అన్నారు అత్తగారు. "నన్నూ ఓ పావుగంట కూర్చోబెట్టు. నా మోకాళ్ళూ బాగుపడతాయి."

"నువ్వు కూర్చుంటే టబ్బులో నీళ్ళు మిగలవు నానమ్మా!" అంది మనవరాలు.

"ఏవంటోందీ?"

"మీరు సన్నబడ్డారంటోంది అత్తయ్యా" అంది టైలరమ్మ.

గురువారం మధ్యాహ్నం కూతురు కాలేజీలో ఉంది. అత్తగారు కునుకు తీస్తున్నారు. నీళ్ళలో దొరసాని పొట్ట కింద చెయ్యి వేసి నిమురుతుంటే, టైలరమ్మ వేళ్ళకి గట్టిగా ఏదో తగిలింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"నీకూ ఉందటే?" అంది.

దొరసాని ఒక కన్ను తెరిచింది.

"నాకూ ఉంది. ఎడమ రొమ్ములో, శనగగింజంత. చేతికి తగిలి పది రోజులైంది." చుట్టూ చూసింది. ఎవరూ లేరు. "నొప్పి లేదు. అదే నాకు భయం. మా అమ్మకీ నొప్పి రాలేదు, ఆఖరిదాకా."

నీళ్ళు చల్లారుతున్నాయి. ఇంకో చెంబు వేడినీళ్ళు కలిపింది.

"వచ్చే నెల పిల్లకి ఆఖరి పరీక్షలు. ఆయనేమో లారీ దిగేదే నెలకోసారి. అత్తయ్యకి చెబితే మూడు వీధులకి వినపడేలా ఏడుస్తారు. అన్నీ అయ్యాక చూద్దాం. నువ్వు గుడ్లు మానేశావు కాబట్టి చెప్పాను."

ఆ పది రోజుల్లో ఆమె ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే. ఆ సాయంత్రం మిషన్ దగ్గర కొంచెం తేలికగా కూడా ఉంది.

శుక్రవారం తెల్లారగానే పెరట్లో ఒకటే గోల. టైలరమ్మ వెళ్ళి చూస్తే దొరసాని గంపని పక్కకి తోసేసి, మెడ నిక్కించి, రాజ్యం గెలిచినట్టు అరుస్తోంది. తోక నిలబడింది. ఒక్క పోటుతో రెండు పెట్టల్ని గింజల దగ్గర్నుంచి తరిమింది.

టైలరమ్మ నవ్వింది. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. గంప కింద గడ్డిలో గుడ్డంత గుంట. వేళ్ళకి తగిలింది కంతి కాదు.

లోపలికి పరిగెత్తింది. కూతురు అప్పటికే గుడ్లన్నీ ఏరి బుట్టలో తెచ్చి నానమ్మ ముందు పెట్టేసింది. అత్తగారి చెవి దగ్గర ఒకటి ఉంది.

"మేస్త్రీ ఈసారి మన ఇనప గమేళా మీద కన్నేశాడు" అని దాన్ని పక్కన పెట్టి ఇంకోటి అందుకున్నారు.

"ఇవ్వండి అత్తయ్యా, ఆమ్లెట్ వేస్తాను."

"విన్నాక వేద్దువుగాని."

"కాఫీ చల్లారిపోతోంది."

"చల్లారనీ!"

టైలరమ్మ బుట్ట లాక్కోబోయింది. అత్తగారు ఒడుపుగా ఒళ్ళోకి తీసుకున్నారు. మూడోది చెవికి ఆనించగానే ఆవిడ మొహం విప్పారింది. "ఇదిగో, నా మోకాళ్ళ సంగతి! ఓసి భడవా, నీళ్ళు మిగలవా?" అని మనవరాలిని చూసి పగలబడి నవ్వారు. గుడ్డు చెవికే ఉంది. నవ్వు సగంలో తెగింది.

టైలరమ్మ తలుపు పట్టుకుని నిలబడింది.

చాలాసేపు విన్నారు. తర్వాత లేచి, పొయ్యి వెలిగించి, ఆ గుడ్డుని తనే పెనం మీద కొట్టారు. మాట పోయేదాకా అక్కడే నిలబడ్డారు.

"ఏం విన్నావు నానమ్మా?"

"మేస్త్రీ గోల. నువ్వు చదువుకో." కోడలి వైపు తిరిగారు. మూడు వీధులకి వినపడే గొంతు ఆ రోజు గుసగుసైంది. "బట్టలు మార్చుకో. పద."

"పరీక్షలయ్యాక..."

"చెప్పులేసుకో అన్నాను."

ఆస్పత్రిలో సూది పరీక్ష చేశారు, వారం తర్వాత చిన్న ఆపరేషన్. కూతురికి తెలిసి, నాకెందుకు చెప్పలేదని ఒక పూట అన్నం మానేసి, ఆ కోపంతోనే పరీక్షలు బ్రహ్మాండంగా రాసింది. కుట్లు విప్పిన రోజు డాక్టరమ్మ కాగితాలు తిరగేసి, కళ్ళజోడు తీసింది.

"చెడ్డదే. కానీ పాకకముందే తీసేశాం. ఇంకో ఆర్నెల్లు ఆగుంటే ఇలా చెప్పగలిగేదాన్ని కాదు. మందులు వాడుతూ రండి. మీ మనవల పెళ్ళి బట్టలు మీరే కుట్టుకోవచ్చు."

అత్తగారికి సగమే వినపడింది. "ఏవంటోందీ?"

"నేను బతుకుతానంటోంది అత్తయ్యా."

బస్సులో పక్కపక్కన కూర్చున్నారు. టైలరమ్మ ముందు డాక్టరమ్మ జాకెట్టు చంకలో బిగుతుగా ఉందంది. తర్వాత పెళ్ళైన కొత్తలో అత్తగారంటే ఎంత హడలిపోయిందో చెప్పింది. తర్వాత అమ్మ గురించి, ఆ పది రోజుల గురించి, కొత్తగా నేర్చుకోవాలనుకుంటున్న కోటు కుట్టడం గురించి. గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. అత్తగారు చెవి కోడలి మొహానికి దగ్గరగా పెట్టి తల ఊపుతున్నారు.

వాళ్ళు దిగాల్సిన స్టాపు వచ్చింది. అత్తగారు కిటికీలోంచి దాన్ని చూశారు. బస్సు మళ్ళీ కదిలింది.

"తర్వాత?" అన్నారు.